శాతాలతో పాటు ప్రశ్నలు కూడా అచ్చు వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

‘సర్వేలో తేలింది’ అన్న మాట ఈ మధ్య మీ జిల్లా పేజీలో తరచూ కనిపిస్తోంది. ఇంటర్ పిల్లల్లో ఇంతమందికి డిప్రెషన్, కూలీల్లో ఇంతమందికి టెన్షన్, మగవాళ్ళలో ఇంతమంది మద్యానికి బానిసలు. శాతం మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఏమని అడిగారు, ఎక్కడ కూర్చోబెట్టి అడిగారు, అడిగేటప్పుడు పక్కన ఎవరున్నారు అన్నది ఒక్క ముక్క కూడా ఉండదు. ఆ ప్రశ్నలు పట్టుకుని గుమ్మం గుమ్మం తిరిగేవాళ్ళలో నేనూ ఒకదాన్ని. అందుకే ఈ ఉత్తరం.

మాది గుంటూరు, కొరిటెపాడు. దూరవిద్యలో సైకాలజీ ఎం.ఏ. చేశాను. సర్వే ఏజెన్సీల్లో ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా చేరి ఇప్పుడు సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. ప్రాజెక్టు నడిచినన్నాళ్ళే జీతం. ఒకప్పుడు చంకలో ఫారాల కట్ట ఉండేది, ఇప్పుడు ట్యాబ్ ఉంది. మనిషి దిగులుకు, మతిమరుపుకు, తాగుడుకు, మందులు వేసుకునే అలవాటుకు అంకె వేయడం మా పని. మీరు వేసే శాతం ఆ అంకెల్లోంచే పుడుతుంది.

తాగుడుతో మొదలుపెడతాను. తేడా ఎక్కడ వస్తుందో అందులో తేలిగ్గా కనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేయించిన ‘ఆడిట్’ అనే ప్రశ్నావళి ఉంది. పది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు, మొత్తం 40. 8 గానీ ఆపైన గానీ వస్తే తాగుడు ప్రమాదంలోకి వెళ్తోందని అర్థం. ఆరు దేశాల్లో పరీక్ష చేసి తయారుచేసిన కొలత, దాన్ని నేనేమీ తప్పుపట్టను. అందులో రెండో ప్రశ్న, తాగిన రోజున మామూలుగా ఎన్ని డ్రింకులు తాగుతారని. ఒకటి రెండు అయితే 0, మూడు నాలుగు అయితే 1, ఐదారు అయితే 2, అలా పెరుగుతూ పోతుంది. డ్రింకు అంటే అక్కడ 10 గ్రాముల ఆల్కహాల్.

మన వైన్ షాపుల దగ్గర డ్రింకులు లెక్కపెట్టేదెవరండీ? అంతా క్వార్టర్ల లెక్కే. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. విస్కీ, బ్రాందీ సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది. అంటే అందులో ఆల్కహాల్ 77 మిల్లీలీటర్లు, తూకంలో 60 గ్రాముల పైమాట. ఒక్క క్వార్టర్‌కు ఆరు డ్రింకులన్నమాట. నల్లచెరువు వైపు ఒక ఆటో డ్రైవర్‌ని మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు అడిగాడు, “అన్నా, తాగిన రోజు ఎన్ని తాగుతావు?” అని. “ఒక్కటే తమ్ముడూ, ఒక్కటి దాటితే ఒట్టు” అన్నాడతను. మావాడు ‘ఒకటి లేదా రెండు’ దగ్గర నొక్కాడు. సున్నా మార్కులు. పక్కనే ఉన్నాను కాబట్టి, “ఒక్కటంటే పెగ్గా, క్వార్టరా బాబూ?” అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూసి, “పెగ్గులు ఎవరు తాగుతారండీ, క్వార్టరే” అన్నాడు. 0 కాస్తా 2 అయింది. మూడో ప్రశ్న ఇంకా ముఖ్యం: ఒక్క విడతలో ఆరు లేక అంతకు మించి డ్రింకులు తాగడం ఎంత తరచుగా జరుగుతుంది? ఎప్పుడూ లేదంటే 0, దాదాపు రోజూ అంటే 4. రోజూ రాత్రి ఒక క్వార్టర్ వేసుకునే మనిషికి ఈ రెండు ప్రశ్నల్లోనే ఆరు మార్కుల తేడా వచ్చేసింది. గీత 8 దగ్గర ఉంది.

ఆ ప్రశ్నావళి మాన్యువల్‌లోనే ఏ దేశంలో వాడితే ఆ దేశపు సీసాల లెక్కకు మార్చుకోమని ఉంది. మార్చేది ఎవరు? ఢిల్లీలోనో హైదరాబాదులోనో ఫారం ఖరారైపోయి, ట్యాబ్‌లోకి ఎక్కిపోయి, మాకు ట్రైనింగ్ ఒక్క పూట ఇస్తారు. గుంటూరు మిర్చి యార్డులో కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర లేకపోతే రైతు ఊరుకోడు, టిక్కీ (మిర్చి బస్తా) ఎక్కించనివ్వడు. మనిషి మనసును తూచే ఈ కాటాకు ముద్ర ఎవరు వేశారని అడిగినవాళ్ళను మాత్రం నేనింతవరకు చూడలేదు.

ఈ ముద్ర ఎలా వేస్తారో కొంచెం చెప్పాలి. డిప్రెషన్ సర్వే అని మీరు రాసినప్పుడు సాధారణంగా వెనక ఉండేది ‘పీహెచ్‌క్యూ–9’. అమెరికాలో క్రోంకే, స్పిట్జర్, విలియమ్స్ అనే ముగ్గురు 2001లో ప్రచురించారు. తొమ్మిది ప్రశ్నలు. గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి లేకపోవడం, దిగులు, నిద్ర, నీరసం, ఆకలి వగైరా మిమ్మల్ని ఎన్ని రోజులు ఇబ్బంది పెట్టాయి? అసలు లేదు, కొన్ని రోజులు, సగం కంటే ఎక్కువ రోజులు, దాదాపు ప్రతిరోజూ. 0 నుంచి 27 వరకు స్కోరు. 10 దగ్గర గీత. ఫైజర్ కంపెనీ గ్రాంటుతో తయారైనా ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ప్రపంచమంతా అదే పాకడానికి అదొక కారణం. ఆ గీత 10 దగ్గరే ఎందుకు పెట్టారంటే, 580 మంది రోగులతో మానసిక వైద్య నిపుణులు విడిగా మాట్లాడి ఎవరికి జబ్బు ఉందో తేల్చారు, తర్వాత ఆ ఫలితాన్ని స్కోరుతో పోల్చారు. 10 దగ్గర గీత గీస్తే, జబ్బు ఉన్నవాళ్ళలో 88 శాతం మందిని ఫారం పట్టుకుంది. లేనివాళ్ళలో 88 శాతం మందిని సరిగ్గానే వదిలేసింది. ముద్ర అంటే ఇది. వాళ్ళ దేశంలో, ఆస్పత్రికి వచ్చినవాళ్ళ మీద వేసిన ముద్ర.

సరే, ఆ ముద్ర మన దగ్గరా అలాగే పనిచేస్తుందని ఒప్పుకుందాం. అప్పుడు కూడా మీ హెడ్డింగు ఎలా తప్పుతుందో చూడండి. మన వార్డులో వెయ్యి మందిని అడిగామనుకోండి. వాళ్ళలో నిజంగా డిప్రెషన్ ఉన్నవాళ్ళు 50 మంది అనుకుందాం. ఫారం వాళ్ళలో 44 మందిని పడుతుంది. మిగతా 950 మందిలో 12 శాతం, అంటే 114 మంది, జబ్బు లేకుండానే గీత దాటుతారు. మొత్తం గీత దాటినవాళ్ళు 158. మర్నాడు పేపర్లో ‘ప్రతి వందలో 16 మందికి డిప్రెషన్’. ఉన్నది ఐదుగురికి. ఆ 158 మందిలో 114 మందికి, అంటే నూటికి 72 మందికి, జబ్బు లేదు.

ఇది ఫారం తప్పు కాదు. అది జల్లెడ పట్టడానికి తయారైంది. గీత దాటినవాళ్ళను డాక్టరు దగ్గరకు పంపాలి, డాక్టరు మాట్లాడి తేల్చాలి. ఆ 114 మందిలో కూడా ఏదో ఒక దిగులు లేకుండా ఉండదు, ఒకసారి డాక్టరుకు కనిపిస్తే పోయేదేమీ లేదు. జల్లెడలో మిగిలిందంతా రోగమే అని రాయడం దగ్గర చిక్కు వస్తోంది. బెంగళూరు నిమ్‌హాన్స్ ఆధ్వర్యంలో 2015–16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో జబ్బును నిర్ధారించే పద్ధతిలో ఇంటర్వ్యూలు చేశారు. అందులో ఆ సమయానికి డిప్రెషన్ ఉన్న పెద్దవాళ్ళు 2.7 శాతం. అంటే నేను పైన ఉదారంగానే 50 వేశాను, ఆ లెక్కన వెయ్యికి 27 మందే. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. వాటిలో మన ఆంధ్రప్రదేశ్ లేదు.

ఇప్పుడు ఫీల్డులోకి వస్తాను. 30 ఏళ్ళు దాటినవాళ్ళకు బీపీ, షుగర్ లాంటి జబ్బుల ముప్పు తెలుసుకోవడానికి ఆశా కార్యకర్తలు నింపే ‘సీబ్యాక్’ ఫారంలో కూడా ఆ తొమ్మిదింటిలోని మొదటి రెండు ప్రశ్నలు చేర్చారు. మంచి పని. కానీ ఆ రెండు ప్రశ్నలూ ఎక్కడ అడుగుతామో ఊహించండి. ఏటుకూరు రోడ్డులో మిర్చి తొడిమలు తీసే షెడ్డు. ఆడవాళ్ళు వరసగా కూర్చుని ముక్కుకు చెంగు కట్టుకుని తొడిమలు తుంచుతుంటారు. ఘాటుకు మాకు మాట రాదు, తుమ్ములు, దగ్గు. వాళ్ళకు కిలో లెక్కన కూలి. మాతో మాట్లాడిన ఐదు నిమిషాలూ ఆమె కూలిలోంచే పోతాయి, అందుకని చేతులు ఆపకుండానే జవాబులు. మేస్త్రి రెండు గజాల దూరంలో నిలబడి వింటుంటాడు. “అమ్మా, గత రెండు వారాల్లో దిగులుగా, నిరాశగా అనిపించిందా?” పక్కనున్న ఆమె నవ్వుతుంది. ఈమె కూడా నవ్వి, “మాకు దిగులుపడే తీరిక ఎక్కడిదమ్మా” అంటుంది. ట్యాబ్‌లో ఆ జవాబుకు గడి లేదు. నాలుగింటిలో ఒకటి నొక్కకపోతే తర్వాతి ప్రశ్న రాదు.

రెండు వారాలు అంటే కూడా ఎవరికీ పట్టదు. ఆ షెడ్డులో కాలం కూలి డబ్బులిచ్చే రోజు నుంచి కూలి డబ్బులిచ్చే రోజుకు నడుస్తుంది. “మొన్న కాదు, అంతకు ముందు డబ్బులిచ్చారే, ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా” అంటే తల ఊపుతారు, ఆలోచించి చెబుతారు. ‘సగం కంటే ఎక్కువ రోజులు’ అన్నది ఇంకో చిక్కు. మా పాత సూపర్‌వైజర్ మేడమ్ ఒకావిడ ఏడు ఏడు చుక్కలు రెండు వరసలుగా గీసిన కార్డు ఒకటి తయారుచేసింది. “ఎన్ని రోజులో వేలు పెట్టి చూపించమ్మా” అనేది. చదువు రాని వాళ్ళు కూడా చకచకా చూపించేవాళ్ళు. ఆవిడ ప్రాజెక్టు మారిపోగానే ఆ కార్డు కూడా పోయింది. ఎందుకంటే ప్రోటోకాల్‌లో లేదు.

ఆ ఆడవాళ్ళతో ఫారం పక్కనపెట్టి మాట్లాడితే చెప్పేవి వేరేగా ఉంటాయి. గుండె దడ, అరికాళ్ళ మంట, రాత్రంతా ఒకటే ఆలోచనలు, తల బరువు, అన్నం సయించకపోవడం. వాటిలో సగం ఫారంలో లేవు. ఇలాంటి చోట ఏం చేయవచ్చో చేసి చూపించినవాళ్ళు ఉన్నారు. జింబాబ్వేలోని హరారేలో మన దేశానికి చెందిన డాక్టర్ విక్రమ్ పటేల్, అక్కడివాళ్ళతో కలిసి, ముందు అక్కడి నాటువైద్యుల దగ్గరకూ క్లినిక్‌లకూ వచ్చే జనం తమ బాధను ఎలా చెప్పుకుంటున్నారో విన్నారు. ఆ మాటల్లోంచి 14 ప్రశ్నలు ఏరి షోనా భాషలో ఒక ప్రశ్నావళి తయారుచేశారు. 1997లో అది ప్రచురితమైంది. అతిగా ఆలోచించడం గురించిన ప్రశ్న అందులో ఉంది. ఇప్పుడు అక్కడ ‘ఫ్రెండ్‌షిప్ బెంచ్’ కార్యక్రమంలో ట్రైనింగ్ పొందిన బామ్మలు బెంచీ మీద కూర్చుని ఆ 14 ప్రశ్నలే అడుగుతున్నారు. ముందు జనం మాట విని, ఆ తర్వాత ప్రశ్న రాశారు. మన దగ్గర ఇంగ్లీషు ప్రశ్నను తెలుగు చేయడం, దాన్ని ఇంకొకరితో తిరిగి ఇంగ్లీషు చేయించడం, రెండూ కలిశాయా అని చూడటం, అక్కడితో సరి. ఇద్దరు డిగ్రీ చదివినవాళ్ళ మధ్య కాగితం అటూ ఇటూ తిరిగితే ఏటుకూరు రోడ్డులో ఉన్నామెకు అర్థమైనట్టు కాదు కదా.

అడిగేవాళ్ళు ఎందుకొచ్చారని జనం అనుకుంటున్నారో దాన్ని బట్టి కూడా జవాబు మారిపోతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్ళలో ఉంది. నీళ్ళు తీశాక ఒక సంస్థ తరఫున అక్కడ మానసిక ఒత్తిడి సర్వేకు వెళ్ళాం. ఆ సంఘటన గుర్తొచ్చి నిద్రపట్టకపోవడం, ఉలిక్కిపడటం లాంటి 22 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4. మేము మొదటి ఇంటి గుమ్మం దగ్గర నిలబడగానే వీధంతా ఆధార్ కార్డులు, బ్యాంకు పాస్‌పుస్తకాలు పట్టుకుని వచ్చేశారు. ఫ్రిజ్ పోయింది, బైక్ మునిగిపోయింది, మా పేరు లిస్టులో లేదు, రాసుకోండి మేడమ్ అని. మేము నష్టపరిహారం వాళ్ళం కాదని చెప్పీ చెప్పీ గొంతు పోయింది. ఆ పూట వచ్చిన ఫారాల్లో అన్నిటికీ 4, 4, 4. వాళ్ళు అబద్ధం చెప్పారని నేను అనను. నడుం లోతు నీళ్ళలో పిల్లల్ని ఎత్తుకుని నిలబడినవాళ్ళు వాళ్ళు. తక్కువ చెబితే సాయం తగ్గుతుందేమో అన్న భయం ఉన్నచోట ఆ అంకె దేన్ని కొలిచినట్టు? ఆ రోజు ఫారాలను విడిగా పెట్టమని రిమార్కు రాసి పంపాను. రిపోర్టులో ఏం చేశారో మాకు చెప్పరు.

ఇంటర్ పిల్లల దగ్గర దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఒక రెసిడెన్షియల్ కాలేజీలో క్లాసులోనే ఫారాలు పంచారు. పైన రోల్ నంబరు వేయమన్నారు. నింపినవి లెక్చరర్ గారే బెంచీ బెంచీకి తిరిగి తీసుకున్నారు. మాకు క్లాసులోకి ప్రవేశం లేదు, ఆఫీసు రూములో కూర్చోబెట్టి టీ ఇచ్చారు. చూస్తే ఫారాలన్నీ కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. ఎవరికీ ఏ దిగులూ లేదు, అందరికీ నిద్ర బాగా పడుతోంది, చదువంటే అందరికీ ఆసక్తే. తెల్లారుజామున స్టడీ అవర్‌కు లేచే పిల్లలు! ఇంతా చేసి ఆ పీహెచ్‌క్యూలో తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలన్న ఆలోచనల గురించి. దాని మీద ఒక బిడ్డ నిజంగా ‘కొన్ని రోజులు’ అని టిక్కు పెట్టిందనుకోండి. ఆ కాగితం లెక్చరర్ చేతిలోంచి ప్రిన్సిపాల్ గదికి, అక్కడి నుంచి అట్టపెట్టెలోకి, అక్కడి నుంచి డేటా ఎంట్రీకి. ఎవరో ఒకరు దాన్ని చదివేసరికి ఎన్నాళ్ళవుతుంది? ఆ ప్రశ్న అడిగే హక్కు ఆ రోజే ఆ బిడ్డతో విడిగా మాట్లాడగలిగిన మనిషిని వెంట తీసుకెళ్ళినవాళ్ళకే ఉండాలని నా అభిప్రాయం. కనీసం ప్రతి ఫారం కింద చింపుకుని తీసుకెళ్ళే చీటీ మీద టెలి మానస్ నంబరు 14416 అయినా ఉండాలి. 2022 అక్టోబరు నుంచి ఉన్న ప్రభుత్వ ఉచిత నంబరు అది, తెలుగులోనూ మాట్లాడతారు.

రిపోర్టుల్లో ‘ఆల్ఫా 0.90 వచ్చింది కాబట్టి స్కేలు నమ్మదగినది’ అని ఒక వాక్యం ఉంటుంది. విలేకరులు దాన్ని చూసి తల ఊపుతారు, చాలామంది ప్రొఫెసర్లు కూడా అంతే. 1951లో క్రోన్‌బాక్ అనే ఆయన ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఇది. స్కేలులోని ప్రశ్నలన్నీ ఒకదానితో ఒకటి ఎంత కలిసి నడుస్తున్నాయో చెబుతుంది. 1కి ఎంత దగ్గరైతే అంత గొప్ప అనుకుంటారు. మే నెల మధ్యాహ్నం ఎండకు అలిసిపోయిన మా కుర్రాడు ఒకావిడకు తొమ్మిదింటికీ ‘కొన్ని రోజులు’ నొక్కి, పక్కింటావిడకు తొమ్మిదింటికీ ‘అసలు లేదు’ నొక్కి, ఆ పక్కింట్లో తొమ్మిదింటికీ ‘ప్రతిరోజూ’ నొక్కాడనుకోండి. ఆల్ఫా నిలువునా ఆకాశానికి వెళ్తుంది. దొంగ ఫారాలకు ఆల్ఫా ఎప్పుడూ బాగుంటుంది. నేను మాత్రం ట్యాబ్‌లో టైము చూస్తాను. తొమ్మిది ప్రశ్నలు అర నిమిషంలో అయిపోతే అతన్ని పిలిపిస్తాను. రెండోది బ్యాక్ చెక్. కొన్ని ఇళ్ళకు ఇంకో మనిషిని పంపి అవే ప్రశ్నలు మళ్ళీ అడిగించి రెండు జవాబులూ ఎంత కలిశాయో చూస్తాం. ఆ కలయికలో కాకతాళీయంగా కలిసినదాన్ని తీసేసి చూసే లెక్క కూడా ఉంది, కప్పా అంటారు. బడ్జెట్ తగ్గితే ముందు కోసేది ఈ బ్యాక్ చెక్‌నే.

బీపీ, షుగర్ మందుల సంగతి కూడా ఇలాంటిదే. “మందులు సరిగ్గా వేసుకుంటున్నారా బాబాయ్?” అని అడిగితే కాదనేవాళ్ళు ఉండరు. ఇంటికొచ్చిన మనిషిని నొప్పించడం ఎందుకని, డాక్టరుకు చెబుతారేమోనని. 1986లో మోరిస్కీ అనే ఆయన, ఇంకో ఇద్దరు, దీనికి నాలుగు ప్రశ్నలు తయారుచేశారు. తమాషా ఏంటంటే అవన్నీ తిరగేసి అడుగుతాయి. వేసుకోవడం ఎప్పుడైనా మర్చిపోతుంటారా, ఒంట్లో బాగున్నప్పుడు మానేస్తుంటారా అని. అవును అనే అలవాటున్న మనిషి అవును అన్నాడంటే మానేసినట్టే లెక్కకు వస్తుంది. తెలివైన పని. అయినా నాకు స్ట్రిప్పు చూస్తేనే తృప్తి. లాలాపేటలో ఒక పెద్దాయన రోజూ వేసుకుంటున్నానన్నారు. చూపించండి బాబాయ్ అంటే దేవుడి పటం వెనక నుంచి క్యారీ బ్యాగు తీశారు. లోపల నెల కిందట ఇచ్చిన బిళ్ళలు, మూడు స్ట్రిప్పులూ నిండుగా, మొదటి దాంట్లో మాత్రం రెండు గుంటలు ఖాళీ. నవ్వేసి, “వేసుకుంటే నీరసంగా ఉంటుందమ్మా” అన్నారు. మాకు కావలసిన సమాచారం ఆ మాటలో ఉంది. దానికీ ట్యాబ్‌లో గడి లేదు.

ముసలివాళ్ళ జ్ఞాపకశక్తి పరీక్ష గురించి క్లుప్తంగా చెప్పి ముగిస్తాను. 1975లో అమెరికాలో వచ్చిన 30 మార్కుల పరీక్ష ఒకటుంది, ఎంఎంఎస్‌ఈ అంటారు. తారీఖు చెప్పాలి, వందలోంచి ఏడు ఏడు తీసేస్తూ పోవాలి, కాగితం మీద ఉన్నది చదివి అలా చేయాలి, ఒక వాక్యం రాయాలి. మంగళగిరిలో ఒక చేనేత ఇంట్లో మామ్మగారిని ఇవాళ తారీఖు ఎంతని అడిగితే, “ఏకాదశి వెళ్ళి రెండు రోజులైంది, నువ్వే లెక్కేసుకో” అంది. వందలోంచి ఏడు తీయమంటే, “ఏడు ఎవరికివ్వాలి?” అంది. వేలిముద్ర వేసే మనిషిని వాక్యం రాయమని ఎలా అడుగుతాం? మార్కులు చూస్తే ఆమెకు మతిమరుపు జబ్బు ఉన్నట్టే వస్తుంది. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో చదువురాని వృద్ధుల కోసం ఇదే పరీక్షను హిందీలో తిరగరాశారు, 1995లో ప్రచురించారు. రాయమనే చోట ‘మీ ఇంటి గురించి ఒక మాట చెప్పండి’ అని పెట్టారు. చదివి కళ్ళు మూసుకోమనే చోట ‘నన్ను చూసి నేను చేసినట్టు చేయండి’ అని పెట్టారు. ఊళ్ళో కూర్చుని ఆలోచిస్తే తట్టే మార్పులే ఇవి.

ఇక నా మనవి. సర్వే వార్త వేసేటప్పుడు కింద చిన్న బాక్సు ఒకటి కట్టండి. ఏ ప్రశ్నావళి వాడారు, దాన్ని తెలుగువాళ్ళ మీద డాక్టరు ఇంటర్వ్యూతో పోల్చి చూశారా, గీత ఎక్కడ పెట్టారు, ఎవరు ఎక్కడ అడిగారు. వీలైతే ఆ తెలుగు ప్రశ్నలు రెండు మూడు ఉన్నవి ఉన్నట్టు వేయండి. చదివినవాళ్ళు తమంతట తాము జవాబు చెప్పుకుని చూస్తే సగం సంగతి వాళ్ళకే తెలిసిపోతుంది. ‘డిప్రెషన్ ఉన్నవారు’ అని కాకుండా ‘స్క్రీనింగ్‌లో గీత దాటినవారు’ అని రాయండి, హెడ్డింగులో నాలుగు అక్షరాలు పెరుగుతాయంతే. మీ విలేకరులు అడగడం మొదలుపెడితే ఏజెన్సీలు కూడా ఆ బ్యాక్ చెక్ డబ్బులు కోయడానికి వెనకాడతాయి. మెడికల్ కాలేజీలు, యూనివర్సిటీ సైకాలజీ విభాగాలు ఉన్న జిల్లాలు మనవి. ఫారం ఖరారు చేసే ముందు పాతికమంది కూలీలను కూర్చోబెట్టి, ప్రశ్న చదివి, “మీకేం అర్థమైందో మీ మాటల్లో చెప్పండి” అని అడిగించడం వాళ్ళకు పెద్ద ఖర్చు కాదు. అలాంటి పనికి పిలిస్తే మేము వస్తాం, ఏ షెడ్డులో ఏ వేళకు మేస్త్రి భోజనానికి వెళ్తాడో మాకు తెలుసు.

ఉత్తరం పొడుగైందని తెలుసు. కత్తిరించాల్సి వస్తే మామ్మగారి సంగతి తీసేయండి, క్వార్టర్ లెక్క, 158 మంది లెక్క మాత్రం ఉంచండి. కాంట్రాక్టు ఉద్యోగం కాబట్టి నా పేరు వేయవద్దు.

ఇట్లు,
ఒక ఫీల్డ్ సూపర్‌వైజర్,
కొరిటెపాడు, గుంటూరు